పడవ పొట్టలో నీళ్లు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో 61 రోజులు వేట బందు. ఆ రోజుల్లో ఉప్పాడ వైపో, భీమిలి వైపో వెళ్లి చూడండి. ఒక పక్క వలలు అల్లుతుంటారు, ఇంకో పక్క ఫైబర్ బోట్లకు మరమ్మతులు. రెసిన్ వాసన దూరం నుంచే ముక్కుకు తగులుతుంది. ఇవాళ ఆ బోట్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

"ఫైబర్ బోటుకేంటండీ, చెద పట్టదు, తుప్పు పట్టదు" అంటుంటారు. పైన ఉన్న ఫైబర్ వరకూ నిజమే. దాని పొట్టలో ఏముందో ఎవరూ అడగరు. డెక్కుకీ అడుగుకీ మధ్య ఖాళీలో ఫోమో, థర్మోకోలో నింపుతారు. బోటు నిండా నీళ్లొచ్చినా మునగకుండా, మనిషి పట్టుకుని తేలడానికి అదే ఆధారం. అమెరికాలో బోస్టన్ వేలర్ బోట్లు తయారుచేసిన డిక్ ఫిషర్ 1961లో 13 అడుగుల బోటులో కూర్చుని, దాన్ని రంపంతో రెండుగా కోయించాడు. లైఫ్ పత్రిక ఆ ఫొటోలు వేసింది. బోటు మునగలేదు. అదీ ఫోమ్ బలం!

లెక్క చూడండి. ఘనపుటడుగు నీళ్లు 28 కిలోల పైమాటే. అంతే ఫోమ్ సుమారు కిలో. అంటే పొడి ఫోమ్ అయితే ఘనపుటడుక్కి 27 కిలోల బరువును నీటి మీద నిలబెడుతుంది. అదే నీళ్లు తాగిందా, దూదిమూటతో ఏట్లో కూర్చున్న గాడిద కథే. పది ఘనపుటడుగుల్లో సగం తడిసినా 140 కిలోల నీళ్లను ప్రతి వేటకీ ఊరికే మోసుకెళ్తున్నట్టు. డీజిలూ దండగ, ఆపదలో ఆసరా కూడా సగమే.

కొత్త ఫోమ్ నీళ్లు పీల్చదు. ఏళ్ల తరబడి నానుతూ, అలల దెబ్బలకు అదురుతూ ఉంటే దాని సన్నటి గదుల గోడలు చిట్లుతాయి. డెక్కు మీది స్క్రూ బెజ్జాలు, వెంట్రుకవాసి పగుళ్లు చాలు, నీళ్లు దిగడానికి. బోటు ఒక పక్కకి ఒరిగినా, మునుపటికన్నా లోతుగా కూర్చున్నా, సుత్తితో కొడితే మొద్దు శబ్దం వచ్చినా అనుమానించాల్సిందే.

ఎండలో పెడితే ఆరదా అంటారేమో. ఆరదండీ. లోపలికి గాలి ఆడదు. డెక్కు కోయక తప్పదు. అంచు చుట్టూ రెండంగుళాలు వదిలి కోస్తే మళ్లీ అతికించడానికి పట్టు ఉంటుంది. పైపొర ఫోమ్ లేతపసుపు రంగులో, గోటితో గిల్లితే పొడిగా రాలుతుంది. అది చూసి ఆగిపోకండి. కిందికి వెళ్లేకొద్దీ గోధుమరంగుకి తిరిగి, పిడికిట్లో పిండితే నీళ్లు కారతాయి. తడిసిందంతా తవ్వి తీయాలి. ఇంజను బిగించే వెనక పలకలో చెక్క ఉంటే అదీ మెత్తబడిందేమో పొడిచి చూడాలి. గాజుపొడి ఎగిరే పని కాబట్టి మాస్కు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

అంతా ఆరాకే కొత్త ఫోమ్. రెండు ద్రవాలు సమంగా కలపగానే పాతిక రెట్లకు పైగా పొంగుతుంది. కొంచెం కొంచెంగా పోయాలి. ఒక్కసారే కుమ్మరిస్తే వేడికీ ఒత్తిడికీ అడుగు ఉబ్బిపోతుంది. అడుగున నీళ్లు పారే దారి మాత్రం మూయొద్దు. థర్మోకోల్ వాడేవాళ్లకి ఒక మాట: పాలియెస్టర్ రెసిన్ తగిలితే అది కరిగిపోతుంది. ఇక రెసిన్ గట్టిపడటానికి వాడే కోబాల్ట్, కెటలిస్ట్ ఈ రెండింటినీ నేరుగా ఎన్నడూ కలపకండి, భగ్గుమంటుంది. ముందు రెసిన్‌లో కోబాల్ట్ బాగా కలిపి, ఆ తర్వాతే కెటలిస్ట్.

పాత బోటుకి కొత్త రంగు వేస్తే ముచ్చటగానే ఉంటుంది. కానీ నడిసముద్రంలో మనిషిని కాపాడేది రంగు కాదు. అందుకే ఈ వేట విరామంలో రంగు డబ్బా మూత తీసేముందు డెక్కుకి ఒక చిన్న బెజ్జం వేసి, లోపలి ఫోమ్ ఒక్కసారి చూడండి. మీ ఇంటివాళ్లు ఆ బోటు మీదే వెళ్తున్నారు.