రోల్‌బ్యాక్ లేని ఉద్యోగం

ఎత్తిపోతల అంటే ఏంటి? పల్లంలో ఉన్న నీళ్ళని మెట్టకి ఎత్తి పోయడం. మరి మాచర్ల రోడ్డులో ఉన్న ఎత్తిపోతలలో నీళ్ళు పైనుంచి కిందకి కదా పడుతున్నాయి?

ఈ డౌటు నాది కాదు, మా సున్నంగాడిది. మొన్న శనివారం జలపాతం ఎదురుగా కమ్మీ పట్టుకుని నిలబడి అడిగాడు. యతులు తపస్సు చేసుకున్న చోటు కాబట్టి యతి తపోతలం, అదే జనం నోట్లో నలిగి ఎత్తిపోతల అయిందట అని నేను విన్న కథ చెప్పాను. "అదేం కాదు మామా, పేరు పెట్టినోడు పంపు డ్రాయింగు తిరగేసి పట్టుకునుంటాడు" అన్నాడు. కెమికల్ ఇంజనీర్ల జోకులు ఇలాగే ఉంటాయి, సర్దుకుపోండి.

సున్నంగాడంటే హాస్టల్లో పెట్టిన పేరు. వాడిది పిడుగురాళ్ళ. వాళ్ళ నాన్న సున్నం బట్టీలో పనిచేసేవాడు. ఇద్దరం ఒకే క్లాసులో కెమికల్ ఇంజనీరింగు చదివి 2019లో బయటపడ్డాం. నేను క్యాంపస్‌లో వచ్చిన మొదటి సాఫ్ట్‌వేర్ ఆఫర్ పట్టుకుని హైదరాబాదు వచ్చేశాను. వాడు వైజాగ్ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాడు. జీతం నాదాంట్లో దాదాపు సగం. పైగా మూడు షిఫ్టులు. అప్పట్లో వాడిని చూసి జాలిపడేవాళ్ళం (నేనైతే కొంచెం ఎక్కువే).

ఇంతకీ ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మేం అక్కడ ఉండగానే మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. వాడూ కెమికలే, ఈ ఏడాదే అయిపోయింది. "అన్నయ్యా, బల్క్ డ్రగ్ కంపెనీలో వచ్చింది. నాన్నేమో నువ్వెళ్ళినట్టే సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళమంటున్నాడు. ఏం చెయ్యను?" నోటిదాకా వచ్చిన మాట "కోర్సు కట్టెయ్, హైదరాబాదు వచ్చెయ్" అనే. పక్కన సున్నంగాడున్నాడు కాబట్టి మింగేశాను. సాయంత్రం చేస్తానని పెట్టేశాను.

"చెప్పెయ్యాల్సింది కదా, నాకోసం ఆగావా?" అన్నాడు వాడు. అక్కడ మొదలైంది.

2020 మే 7 పొద్దున వాళ్ళమ్మ ఫోన్ చేసిందట. ఆ తెల్లవారుజామునే వైజాగ్ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో కదలకుండా ఉన్న స్టైరీన్ ట్యాంకులోనే వేడెక్కి దానంతటదే పాలిమర్‌గా మారడం మొదలెట్టింది. దాన్ని ఆపే ఇన్‌హిబిటర్ చాల్లేదు. ప్రమాదాన్ని చెప్పాల్సిన సైరన్ మోగలేదు. వాళ్ళమ్మ ఒకటే మాట, "వచ్చెయ్ నాన్నా, బట్టీ పనైనా చేసుకుందాం". వాడు రాలేదు.

ఆ మరుసటి ఏడాది ఒక నైట్ షిఫ్టు. వాడికప్పటికి ఇరవై మూడేళ్ళు, షిఫ్ట్ ఇన్‌ఛార్జి లేకపోతే ఆ రాత్రికి వాడే ఇన్‌ఛార్జి. రియాక్టరులోకి ఒక రసాయనాన్ని చుక్కచుక్కగా ఆరు గంటల సేపు వదలాలి. రియాక్షన్‌లో వేడి పుడుతుంది, చుట్టూ జాకెట్‌లో తిరిగే చల్లటి బ్రైన్ ఆ వేడిని లాక్కుపోవాలి. 5 డిగ్రీలు దాటకూడదు. ఏడు చూపించింది. కాసేపటికి తొమ్మిది.

ఇక్కడ మన భాషలో చెప్తాను. ల్యాబులో లీటరు ఫ్లాస్కులో బ్రహ్మాండంగా నడిచిన రియాక్షన్ ఐదు వేల లీటర్ల రియాక్టరులో అలా నడవదు. సైజు పెరిగే కొద్దీ వేడి పుట్టే పరిమాణం పెరిగినంతగా, వేడి బయటికి పోయే గోడ పెరగదు. "నా మెషీన్లో పనిచేస్తోంది" అని మనం అంటాం చూడండి, అదే. తేడా ఏంటంటే ఇక్కడ ప్రొడక్షన్ పడిపోతే పేజీ తెరుచుకోదు, అక్కడ పైకప్పు ఎగిరిపోతుంది. ఇంకో సంగతి. టెంపరేచర్ పెరిగితే రియాక్షన్ స్పీడు పెరుగుతుంది, స్పీడు పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. పొయ్యడం ఆపితే ఆగుతుంది, నిజమే. కానీ అప్పటికే లోపల రియాక్టవ్వకుండా చాలా పేరుకుపోయి ఉంటే ఆపినా ఆగదు. అంటే స్టాప్ బటన్‌కి ఎక్స్‌పైరీ ఉందన్నమాట.

వాడు ఇంట్లో నిద్రపోతున్న పైఆఫీసరుకి ఫోన్ చేశాడు. "మెల్లగా పోస్తూ ఉండు, పొద్దున డిస్పాచ్ ఉంది" అన్నాడాయన. వాడు ఫోన్ పెట్టేసి వాల్వు కట్టేయించాడు. తర్వాత చూస్తే బ్రైన్ లైన్లో స్ట్రెయినర్ మూసుకుపోయి చల్లదనం సగానికి సగం పడిపోయింది. బ్యాచ్ చెడింది. డిస్పాచ్ తప్పింది. పొద్దున వాడి చేతికి మెమో వచ్చింది.

"భయమెయ్యలేదా?" అన్నాను.

"వేసింది. మెమోకి కాదు, తొమ్మిదికి" అన్నాడు. తర్వాత చెప్పాడు, చిన్నప్పుడు బట్టీ దగ్గర వాళ్ళ నాన్న నేర్పిన మొదటి పాఠం అదేనట. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే బొగ్గుపులుసు గాలి పోయి సున్నం మిగులుతుంది. చూడ్డానికి చల్లారిన మామూలు రాయే. దానిమీద నీళ్ళు పడితే బుసబుసా పొంగి సలసలా కాగుతుంది, కళ్ళలో పడితే చూపు పోతుంది. "నీళ్ళు పోసేటప్పుడు వంగి చూడమాక, పొంగు ఎక్కువైతే ఎవర్నీ అడగమాక, చెంబు పక్కన పెట్టి దూరం జరుగు". నాలుగేళ్ళు హీట్ ట్రాన్స్‌ఫర్ చదివిన నాకు ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

నా సంగతి కూడా చెప్పాలిగా. నేను ఇప్పుడు టీమ్ లీడ్‌ని. లీడర్‌షిప్ ట్రైనింగని రెండు రోజులు రిసార్టుకి తీసుకెళ్ళి కళ్ళు మూసుకుని వెనక్కి పడమన్నారు, పట్టుకుంటారట. పోయినేడాది ఒక రిలీజుకి ముందు నా టీములో కొత్తగా చేరిన అమ్మాయి "ఇది వెళ్ళకూడదండీ, టెస్టు ఫెయిలవుతోంది" అంది. "చూద్దాంలే, రోల్‌బ్యాక్ ఉందిగా" అన్నాను. పడింది. నలభై నిమిషాల్లో వెనక్కి తెచ్చాం. నాకు మెమో రాలేదు, చివర్లో రక్షించినందుకు అభినందన మెయిల్ వచ్చింది! ఆ అమ్మాయి పేరు అందులో లేదు. నేనూ చేర్చలేదు. జలపాతం దగ్గర నిలబడి ఇది గుర్తొచ్చి సిగ్గేసింది.

మనవాళ్ళు కెమికల్ అంటే పొగ, వాసన, చిన్న జీతం అనుకుంటాం గానీ మనూళ్ళ నుంచే ఎవరెవరు వెళ్ళారో చూడండి. గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ చదివిన కల్లం అంజిరెడ్డి బొంబాయి యూడీసీటీ, పూణే ఎన్‌సీఎల్ మీదుగా 1969లో హైదరాబాదు ఐడీపీఎల్‌లో చేరారు. అదే కాలేజీ, అదే యూడీసీటీ, అదే ఎన్‌సీఎల్ దారిలో ఆయనకంటే ముందు నడిచిన ఏ.వి. రామారావు తర్వాత ఐఐసీటీ డైరెక్టరయ్యారు. 1970 పేటెంట్ చట్టం మందు మీద కాకుండా తయారుచేసే పద్ధతి మీదే పేటెంటు ఇవ్వడంతో, కొత్త పద్ధతి కనిపెట్టగలిగినవాడికి విలువొచ్చింది. 1984లో డాక్టర్ రెడ్డీస్, 1986లో అరబిందో, 1990లో దివీస్, 1993లో హెటెరో. సోవియట్ సాయంతో కట్టిన బాలానగర్ ఐడీపీఎల్ ప్లాంటు మూతపడి చాలా ఏళ్ళయింది. నా లెక్కలో అది తయారుచేసిన అసలు సరుకు మందులు కాదు, మనుషులు. కుర్రాళ్ళకి పెద్ద రియాక్టర్లు అప్పజెప్పి, పక్కన నిలబడి నేర్పిన చోటు అది.

ఇప్పుడు ఆ పక్కన నిలబడేవాడెవరు? 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఎసెన్షియా ఫ్యాక్టరీలో సాల్వెంట్ ఆవిరి అంటుకుని పేలి 17 మంది పోయారు. అందులో మా వయసు ఇంజనీర్లూ ఉన్నారు. "ఆ వారం మా ట్రైనీలు ఇద్దరు మానేశారు. వాళ్ళనేమనగలం?" అన్నాడు సున్నంగాడు.

వాడు కంపెనీ మారాడు. ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళకి ఒక బ్లాకంతా వాడి చేతి కింద. కొత్తగా వచ్చిన ట్రైనీని మొదటి నెల కంప్యూటరు ముందు కూర్చోబెట్టడట, సీనియర్ ఆపరేటరు పక్కన నిలబెడతాడట. రియాక్టరు చప్పుడు మారితే పట్టుకునేది పదో తరగతి చదివిన ఆ ఆపరేటరే అంటాడు. లాగ్‌బుక్ మొదటి పేజీలో సొంత చేతిరాతతో రాసి సంతకం పెట్టాడు: "అనుమానం వస్తే ఎవరైనా ఆపొచ్చు. నన్ను అడగక్కర్లేదు. ఆపాక ఫోన్ చెయ్యండి." అర్ధరాత్రి అలా ఫోన్లొస్తాయి. చాలాసార్లు ఊరికే ఆపినవే. ఒక్కరిని కూడా తిట్టలేదట, తిడితే రెండోసారి ఎవడూ ఆపడు కాబట్టి.

లీడర్‌షిప్ మీద నేను చదివిన పుస్తకాలన్నీ ఆ మూడు ముక్కల ముందు తేలిపోయాయి.

సాయంత్రం తిరుగు దారిలో, సాగర్ దాటాక తమ్ముడికి ఫోన్ చేశాను. వెళ్ళమనలేదు, వద్దనలేదు. చేరేముందు మూడు ప్రశ్నలు అడగమన్నాను. రాత్రి రెండింటికి బ్యాచ్ ఆపాలంటే ఎవరి పర్మిషన్ కావాలి? మొదటి ఏడాది నా పక్కన నిలబడి నేర్పేదెవరు? ఈమధ్య బ్యాచ్ ఆపినవాడు ఇప్పుడు ఏ పోస్టులో ఉన్నాడు? మూడోదానికి సరైన జవాబొస్తే జీతం తక్కువైనా చేరిపో అన్నాను. సున్నంగాడి నంబరు కూడా ఇచ్చాను. బాబాయి నామీద కోపంగా ఉన్నాడని పిన్ని చెప్పింది, అది వేరే సంగతి.

సోమవారం ఆఫీసుకెళ్ళి ఆ పాత అభినందన మెయిల్ వెతికి పట్టుకున్నాను. "ఈ రిలీజు ఆపమని మొదట చెప్పింది తనే, విననిది నేను" అని ఆ అమ్మాయి పేరుతో అందరికీ జవాబిచ్చాను. ఏడాది ఆలస్యంగా. మెయిల్స్‌కైనా ఎక్స్‌పైరీ లేనందుకు సంతోషం.

మీలో ఎంతమంది కెమికల్ చదివి ఇటొచ్చారు? ఎప్పుడైనా అటువైపు చూసి ఏమైనా అనిపిస్తుందా, లేక నాకే ఇలా ఉంటుందా?