ఒకటో డిగ్రీ దగ్గర గిలక పాఠం

సింగపూరులో మనవాళ్ళు చాలామందికి వన్-నార్త్ అంటే ఆఫీసే. భూమధ్యరేఖకు ఒక డిగ్రీ ఉత్తరాన ఉన్న ఊరు గనుక ఆ పేటకు ఆ పేరు పెట్టారు. దాదాపు 200 హెక్టార్ల ఈ పేటకు నమూనా గీసినది జహా హదీద్. 2003లో బయోపోలిస్, 2008లో ఫ్యూజనోపోలిస్ తెరిచారు. 2011లో రైలు స్టేషను వచ్చింది. అద్దాల మేడలకు కాస్త దూరంలోనే, రోచెస్టర్ పార్కులో, బ్రిటిషువారి కాలం నాటి నలుపు తెలుపు బంగళాలు చెట్ల నీడన నిలిచి ఉన్నాయి. పిల్లలకు రెండూ చూపిద్దామని మొన్నొక శనివారం సకుటుంబంగా వెళ్ళాము.

మాతో వచ్చిన మిత్రుడికి ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంది. సెలవుల్లో కాజ్‌వే దాటి మలేషియా అడవుల్లో తిరగాలని ఆయన సరదా. అక్కడి బురద సామాన్యమైనది కాదు. 1997లో మొదలైన రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ పోటీని వానలు ముమ్మరంగా కురిసే నెలల్లోనే పెడుతూ వచ్చారంటే ఆ బురద ఖ్యాతి ఎంతటిదో ఊహించుకోవచ్చు. బండి దిగబడితే ముందున్న వించి తాడును చెట్టుకు కట్టి లాగాలి. అందుకని ఆయన ఒక గిలక తెప్పించుకున్నారు. ఆఫీసుకు వచ్చిన ఆ పార్సెల్ తీసుకుని అందరం కాఫీకి కూర్చున్నాము.

మన మాటలు విని పక్క బల్ల నుంచి ఒక అబ్బాయి పలకరించాడు. శ్రీకాకుళం జిల్లా వాడట. దగ్గరలో కడుతున్న భవనంలో రిగ్గరు, అంటే క్రేను కొక్కేనికి బరువులు కట్టే పని. గిలకను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనిమీద రాత ఏదండీ?" అన్నాడు.

అట్టపెట్టె మీద 10 టన్నులని ఉంది. ఇనుము మీద అక్షరం లేదు. ఆ 10 టన్నులూ తెగిపోయే బరువని కింద చిన్న అక్షరాలలో ఉంది. భద్రంగా మోసే బరువు ఎంతో ఎక్కడా లేదు.

"మీ వించి ఎంత లాగుతుందండీ?"

"4,300 కిలోలు."

"అయితే గిలక మీద 8,600 పడుతుంది కదండీ!"

మేము ఇంజనీరింగు చదివినవాళ్ళమే. అయినా ఒక్క క్షణం తెల్లబోయాము. అప్పుడతను ఊరి నుయ్యి గుర్తుచేశాడు. చేదలో 15 కిలోల నీళ్ళుంటే మనం ఇటు 15 కిలోల బలంతో లాగుతాము. పైనున్న దూలం మోసేది 30. అడవిలోనూ అంతే. తాడు చెట్టు దగ్గరి గిలక చుట్టి బండికే తిరిగి వస్తే లాగే బలం ఇంచుమించు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. గిలకా, దాని షాకిలూ, చెట్టుకు చుట్టిన పట్టీ, అన్నీ ఆ రెట్టింపును మోయాలి. ముప్పావు అంగుళం షాకిల్‌కు మామూలుగా 4.75 టన్నులని రాసి ఉంటుంది. ఒంటి తాడుకు అది సరిపోతుంది, గిలక దగ్గర చాలదు. తాడు తొంభై డిగ్రీలు మాత్రమే తిరిగితే భారం సుమారు ఒకటిన్నర రెట్లు.

మిత్రులు కొనేటప్పుడు చూడవలసినవి ఇవి. భద్రంగా మోసే బరువు ఇనుము మీదే అచ్చుపడి ఉండాలి. గాడి తాడు మందానికి సరిపోవాలి. ఉక్కు తాడు తిరిగి గరుకుపడిన గాడిలో నైలాను వంటి తాడు వేయరాదు, కోసుకుపోతుంది. చెట్టుకు వెడల్పాటి పట్టీయే చుట్టాలి. బిగిసిన తాడును పిల్లలెవరూ దాటరాదు. దాని మీద బరువైన దుప్పటి వేసి, అందరూ దూరంగా నిలబడాలి. తెగిన తాడు ఎటు కొడుతుందో ఎవరూ చెప్పలేరు.

సరకులెత్తే సరంజామాను కనీసం ఏడాదికొకసారి, మనుషులనెత్తే దాన్ని ఆరు నెలలకొకసారి గుర్తింపు పొందిన పరీక్షకుడు చూడాలని ఇక్కడి చట్టం. "రాత లేని ఇనుము మా దగ్గర నేల విడవదండీ" అని ఆ అబ్బాయి నవ్వి, టోపీ పెట్టుకుని పనికి వెళ్ళిపోయాడు.

మిత్రుడు గిలకను వాపసు పంపారు. ప్రయాణం నెల వాయిదా పడింది. ఆయన శ్రీమతి మాత్రం సంతోషించారు. తెగేదాకా లాగవద్దని మన పెద్దలన్నారు. ఎంతకు తెగుతుందో, ఎంతవరకు లాగవచ్చో ముందే చదివి తెలుసుకోవడం మన వంతు. మన కారు డిక్కీలోని గిలకను చూడటానికి ఏ పరీక్షకుడూ రాడు గదా!