నల్లరాయి దగ్గర తాత

ఐస్‌లాండ్‌లో లావా పారే రీల్స్ చూసి చూసి మా చెల్లికి పిచ్చి పట్టింది. "మనకెందుకు లేవబ్బా అగ్నిపర్వతాలు?" అని ఒకటే గోల. మన దేశంలో మండుతున్నది అండమాన్‌లోని బారెన్ దీవి ఒక్కటే. కానీ ఎప్పుడో చల్లారిపోయిన లావా మా నెల్లూరు పక్కనే ఉందని తెలిసి నేనే షాకయ్యా. గూడూరు ప్రాంతంలో కండ్ర రాళ్లు అంటారు. దాదాపు 185 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగట అది!

సంక్రాంతి సెలవుల్లో కారు మాట్లాడుకుని బయల్దేరాం. అమ్మ పులిహోర కట్టింది. ఎక్కడికీ రానని మొండికేసే తాత, గూడూరు పేరు వినగానే చొక్కా తొడుక్కుని ముందు సీట్లో కూర్చున్నాడు.

తీరా చూస్తే పొగా లేదు, మంటా లేదు. తుమ్మ చెట్ల మధ్య నల్లటి బండలు, అంతే. చెల్లి మొహం మాడిపోయింది. నేను చదివింది చెప్పా: "నీళ్లలో లావా బయటికి రాగానే పైన గట్టిపడుద్ది. లోపలి వేడి దాన్ని చీల్చుకుని ఇంకో ముద్దగా వస్తది. అట్టా దిండ్లు పేర్చినట్టు తయారవుద్ది. అందుకే దిండు లావా అంటారు."

తాత కిందికి వంగి బండను తడిమాడు. "నల్లరాయి తగిలిందంటే ఆరోజు మాకు ఏడుపేరా. తెల్లరాయిలోనే కాకిబంగారం దొరికేది."

తాత మైకా గనిలో చేశాడని తెలుసు. అంతకుమించి ఏమీ తెలీదు. ఆరోజే మొదటిసారి చెప్పాడు. రాయికి బెజ్జం వేస్తుంటే తెల్లటి దుమ్ము లేచేదట. మూతికి తువ్వాలు కట్టుకోవడమే రక్షణ. సాయంత్రానికి ఉమ్మి కూడా తెల్లగా పడేదట. మాకేమో తాత దగ్గంటే జోక్. బీడీలు మానలేదని ఏడిపించేవాళ్లం. ఆయన బీడీ ముట్టిందే లేదట!

"ఇన్నేళ్లూ చెప్పలేదే నాయనా?" అన్నాడు నాన్న.

"చెబితే చదువు మానేసి పనికి దిగేవాడివి."

నాన్న ఇంకేం మాట్లాడలేదు. నీళ్ల సీసా మూత తీసి తాత చేతికిచ్చాడు.

సాయంత్రం తూపిలిపాళెం సముద్రానికి పోయాం. అలలు వెనక్కి పోతుంటే తడి ఇసుకలో సన్నటి మెరుపులు. తాత చిటికెడు తీసి చెల్లి అరచేతిలో రుద్దాడు. "ఇదిగో మా కూలి" అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులో కలిసిపోయింది. ఈసారి ఎవరం జోకెయ్యలేదు.

మర్నాడే ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. "పెద్దాయన ఏం పని చేసేవారు?" అన్నదే ఆయన మొదటి ప్రశ్న. రాళ్ల దుమ్ము ఊపిరితిత్తుల్లో చేసిన మచ్చలు పోవంట. మందులు ఆయాసాన్ని కొంచెం అదుపులో పెడతాయంతే.

185 కోట్ల ఏళ్ల నాటి రాయి సంగతి ఫోన్‌లో ఒక్క నిమిషంలో దొరికింది. పక్క గదిలో ఉన్న తాత కథ తెలియడానికి నాకు 24 ఏళ్లు పట్టింది.