పేరున్న కత్తి, పేరులేని కత్తిపీట

వస్తువునకు వయస్సు చెప్పుట నాడి చూచుట వంటిది. ఎక్కడ వ్రేలు పెట్టవలెనో తెలిసినచో సగము పని తీరినట్లే. ఇంట ప్రాత జర్మను మడతకత్తి యున్న సోదరీమణులు ముందుగా చూడవలసినది పిడిని గాదు, అలుగు మొదలును. అలుగు పిడిలో చొచ్చుచోటనే సాధారణముగా తయారుచేసినవారి ముద్ర యుండును.

జగిత్యాలలో మా పుట్టినింట తాతగారు వక్కలు చెక్కుకొనిన కత్తి యొకటి కలదు. అలుగు మొదలును నూనెగుడ్డతో తుడువగా, ప్రక్కప్రక్కన నిలిచిన యిద్దరు మనుష్యుల గుర్తును, హెంకెల్స్, సోలింగెన్, జర్మనీ యను మాటలును బయల్పడెను. ఆ జంట గుర్తును పీటర్ హెంకెల్స్ 1731లో సోలింగెన్ పట్టణపు కత్తులవారి సంఘమున నమోదు చేయించెను. అంతమాత్రమున కత్తికి మూడువందల యేండ్లని పొంగిపోరాదు. గుర్తు ముదుసలి యైనను కత్తి పిన్నది కావచ్చును.

దేశము పేరు ముద్రించుట 1887 నాటి ఆంగ్ల చట్టము, 1889 నాటి హిందూదేశపు చట్టము, 1890 నాటి అమెరికా సుంకపు చట్టము వచ్చిన పిమ్మట హెచ్చెను. 1949లో జర్మనీ రెండుగా చీలినది మొదలు, 1990లో మరల నొక్కటియగు వరకు, అచ్చటి కత్తులపై ‘పశ్చిమ జర్మనీ’ యని తరచుగా నుండెడిది. మా కత్తిపై ‘పశ్చిమ’ యను మాట లేదు. అది త్రుప్పుపట్టెడి ప్రాత ఉక్కు. అలుగు సానపట్టి పట్టి సగము సన్నగిలినది. తాతగారు దానిని 1938లో వరంగల్లున కొనిరని మేనత్త చెప్పెడి మాట కీ సాక్ష్యములన్నియు పొసగుచున్నవి.

ఈ సంగతి తెలిసినంతనే, సామాను పంచుకొనునాడు, కత్తికై సోదరు లిద్దరును చేయి చాచిరి. నాయనమ్మ కత్తిపీటనో, పాత యినుము కొనువాని తక్కెడలో నుంచిరి. దానిపై ఏ ముద్రయు లేదు గదా! నేను దానిని దింపించి నా వంతుగా తీసికొంటిని.

మా సీమ పొరుగుననే, నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రము కలదు. అచ్చటి కమ్మరులు ఇనుమును మట్టిమూసలలో మూసి, కొలిమిలో కరగించి ఉక్కు చేసెడివారు. ఆ ఉక్కు కొనుటకై పారసీక దేశపు ఇస్పహాను వర్తకుడు వచ్చి యుండుట వాయిసీ దొర చూచి వ్రాసెను. ఆ వ్రాత 1832లో అచ్చయ్యెను. కాని ఆ మూసలు మూసిన చేతుల పేళ్లు మా యిండ్ల నెవరును చెప్పుకొనరు. సోలింగెన్ వాని పేరు మాత్రము మా పిల్లలకు కంఠస్థము.

కత్తిపీటకు ముద్ర మేనత్త జ్ఞాపకమే. నాయనమ్మ కాపురమునకు వచ్చిన యేట ఊరి కమ్మరి దానిని చేసి, కూలిగా వడ్లు కొలిపించుకొనెనట. ఆ కమ్మరి పేరు, ఆ యేడు, ఆ యూరు మేనత్త చెప్పగా కాగితముపై వ్రాసి, పీట అడుగున అంటించితిని.

సోదరీమణులారా, ముద్రయున్న కత్తిని సానవానికిచ్చునపుడు అలుగు మొదలు అరగదీయవద్దని చెప్పుడు. ముద్రలేని దానిని గూర్చి యింటి పెద్దముత్తైదువ నడుగుడు. ఉక్కుపై నచ్చు నూరేండ్లు నిలుచును. ఆమె మాట నేడే వ్రాసికొనవలెను.