మైలుతుత్తంతో ఒక ప్రమాణం

తెలుగు అధ్యాపకునికి బ్యాటరీలతో పనేమని మా విద్యార్థులు నవ్వుకుంటారని తెలిసే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

సంజామలలో మా ఇంటి వసారాలో ఒక బల్ల ఉన్నది. దానిపై చవకరకపు డిజిటల్ మల్టీమీటరు, కారు హెడ్‌లైటు బల్బు ఒకటి, రెండు క్లిప్పులు, ఒక హైడ్రోమీటరు. ఇదే నా పరీక్షాశాల. ఇన్వర్టరు బ్యాటరీ నీరసించినవారు ఆటోలో వేసుకొని తెచ్చేవారు. నేను మీటరు తీగలు ఆనించి తీర్పు చెప్పేవాడిని. రుసుము లేదు. ఒక గ్లాసు టీ, కొంత గౌరవం. ఆ గౌరవమే నన్ను చెడగొట్టినదేమో.

2022లో, నంద్యాల జిల్లా ఏర్పడిన ఏప్రిల్ నెలలోనే, రంజాను మాసం వచ్చినది. అవి కరెంటు కోతల దినాలు. పండుగకు రెండు రోజుల ముందు మా వీధి దర్జీ, వయసు మళ్లినవాడు, ఒక పాత బ్యాటరీని బేరమాడి, రాత్రంతా చార్జి చేయించి నా వద్దకు తెచ్చినాడు. "నువ్వు బాగుందంటే తీసుకుంటా, బేటా" అన్నాడు. మీటరు 12.7 చూపినది. నిండుగా చార్జయిన 12 వోల్టుల సీసపు బ్యాటరీకి ఉండవలసిన అంకె అదే. బల్బు తగిలించి కూడా చూడవలసినది. ఇఫ్తారు వేళయినదని చూడలేదు. "దివ్యంగా ఉంది చాచా" అన్నాను.

పండుగ ముందటి రాత్రి కోత పడిన ఇరవై నిమిషాలకే అది ఆరిపోయినది. మిషను మోటారు ఆగినది. తెల్లవారి ఈద్గాలో ఇద్దరు ముగ్గురు పిల్లలు పాత బట్టలతో కనిపించారు. చాచా నన్ను ఆలింగనం చేసుకున్నాడు గాని, బ్యాటరీ మాట ఎత్తలేదు.

అప్పుడు గాని నాకు మీటరుపై అనుమానం కలుగలేదు. కొలిచేదానిని దేనితో కొలవాలి? మరొక మీటరు తెచ్చినా, రెంటిలో ఏది అబద్ధమాడుతున్నదో ఎవరు చెప్పాలి? 1836లో జాన్ ఫ్రెడరిక్ డేనియల్ నిర్మించిన ఘటం గుర్తుకు వచ్చినది. దానికి కావలసిన లవణాలు రెండూ ఎరువుల అంగడిలోనే దొరికినవి: మైలుతుత్తం, వరికి వేసే జింకు సల్ఫేటు. గాజుగ్లాసులో మైలుతుత్తపు నీరు, రాగి తీగ. దానిలో మెరుగు పూయని చిన్న మట్టి పిడత. పిడతలో జింకు సల్ఫేటు నీరు, పాత టార్చి సెల్లు చీల్చి తీసిన జింకు రేకు. ఈ అమరిక సుమారు 1.10 వోల్టులు ఇస్తుంది. ఒక ద్రావణం రెండవదానికి పదిరెట్లు చిక్కనైనా తేడా 0.03 వోల్టు ప్రాంతమే. కనుక నా కంటి కొలత చాలినది.

మీటరు 1.16 చూపినది! నూటికి అయిదుకు పైగా అదనం. ఆ లెక్కన నాటి 12.7 నిజానికి 12.0 మాత్రమే. రాత్రంతా చార్జి చేసిన బ్యాటరీ అంతటితో నిలిచినదంటే అందులో సత్తువ లేనట్టే. దోషం మీటరు వెనుక ఉన్న 9 వోల్టుల సెల్లుది. అది క్షీణించిన కొలదీ లోపలి ఆధార వోల్టేజి తగ్గి, కొలత పెరిగినట్లు కనిపిస్తుంది. దర్జీ టేపు కురచబడితే గుడ్డ పొడుగైనట్లు తోచదా, అలాగే. కొత్త సెల్లు వేయగా 1.09 వచ్చినది.

హైడ్రోమీటరును కూడా డిస్టిల్డు వాటరులో ముంచి చూచినాను. 1.000 ఉండవలసినది 1.010 ఉన్నది. ఆ తేడాను కాగితంపై వ్రాసి బల్లకు అంటించినాను. 60 వాట్ల బల్బు 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు లాగుతుంది. ఇప్పుడు పది నిమిషాలు దానిని మోయకుండా ఏ బ్యాటరీ నా వసారా దాటదు. ప్రమాణమనే మాటకు మన భాషలో కొలత అనీ, ఒట్టు అనీ రెండర్థాలున్నవి. తరగతిలో ఎన్నోసార్లు చెప్పినాను.

డబ్బు తీసుకొని చాచా వద్దకు వెళ్లి, తప్పు నాదేనని చెప్పినాను. ఆయన సగమే తీసుకున్నాడు. తరువాతి బ్యాటరీని మాత్రం కోవెలకుంట్లలో చూపించుకొని కొన్నాడు. నేను ప్రతినెలా మొదటి ఆదివారం పిడత కడిగి, మైలుతుత్తం కొత్తగా కలుపుతున్నాను.