ఫైలు పేరుంది, పుస్తకం లేదు

హైదరాబాద్ కవాడిగూడలో డీటీపీ పెట్టుకుని, చిక్కడపల్లి, నారాయణగూడ వైపు ప్రచురణకర్తలకీ, సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకునే రచయితలకీ పేజీలు కట్టిచ్చే పని నాది. ల్యాప్‌టాప్‌లో ఉన్నది 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. పేజ్‌మేకర్ ఫైళ్లకి చోటు పెద్దగా అక్కర్లేదు. చోటంతా తినేసేవి స్కాన్ చేసిన పాత ఫొటోలు, అట్టల డిజైన్లు, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెటీరియల్ పీడీఎఫ్‌లు. సి డ్రైవ్ గీత ఎర్రబడి, సేవ్ కొట్టినప్పుడల్లా భయం పట్టుకున్నాక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనాలనుకున్నాను. చౌకలో కొనాలనుకున్నాను. చౌక కోరుకోవడం తప్పని ఇప్పటికీ అనను. కొన్న తీరు తప్పు. వాడిన తీరు అంతకంటే పెద్ద తప్పు.

నాకు దొరికింది రెండు టీబీ అన్న నల్ల డబ్బీ. పేరున్న కంపెనీ డ్రైవ్ ధరలో నాలుగో వంతు. "సేమ్ ఐటమే అన్నా, బాక్స్ లేదంతే" అన్నాడు అమ్మినతను. ల్యాప్‌టాప్‌కి తగిలించి చూపించాడు కూడా. 1.81 టీబీ అని కనబడింది. కంపెనీలు వెయ్యితో లెక్కకడతాయి, విండోస్ 1024తో లెక్కకడుతుంది కాబట్టి రెండు టీబీ అలాగే కనబడాలని నాకు తెలుసు. ఆ లెక్క సరిగ్గా కుదరడమే నన్ను నమ్మించింది. డబ్బీ చేతిలో మరీ తేలిగ్గా ఉందే అని మాత్రం ఆలోచించలేదు.

ఇంటికొచ్చి పాత పనులన్నీ అందులోకి పంపించాను. కాపీ చేయలేదు, కట్ చేసి పేస్ట్ చేశాను. ల్యాప్‌టాప్‌లో చోటు ఖాళీ కావాలి కదా అనుకున్నాను. బ్యాకప్ తీశానని నిశ్చింతగా పడుకున్నాను. నిజానికి అది బ్యాకప్ కాదు. నా దగ్గరున్న ఒకే ఒక్క కాపీని ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చాను, అంతే.

కొన్ని నెలల తర్వాత రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒకాయన వచ్చారు. ఆయన జ్ఞాపకాల పుస్తకం మొదటి ముద్రణ అయిపోయింది. రెండో ముద్రణ కోసం కొత్తగా రాసిచ్చిన అధ్యాయాలు అంతకుముందే కంపోజ్ చేసి పెట్టాను. డ్రైవ్ తగిలించాను. ఫోల్డర్ ఉంది, "మూడో ప్రూఫ్" అన్న ఫైలూ ఉంది, సైజూ చూపిస్తోంది. తెరిస్తే తెరుచుకోలేదు. పక్క ఫైలు కూడా అంతే. ఫొటోల ఫోల్డర్‌లోకి వెళ్తే ఒక ఫొటోలో సగం వరకు మాస్టారి పెళ్లినాటి పందిరి, కిందిదంతా బూడిద రంగు పట్టీ.

డబ్బీ విప్పించి చూశాక విషయం అర్థమైంది. లోపల హార్డ్ డిస్కుల్లో ఉండే తిరిగే పళ్లెం లేదు. చిన్న బోర్డు, దానికి గుచ్చిన ఒక మెమొరీ కార్డు. అందులోని చిప్ తనలో రెండు టీబీ ఉందని కంప్యూటర్‌కి అబద్ధం చెప్పేలా తయారైంది. అసలున్న చోటు నిండేదాకా ఫైళ్లు సరిగానే చేరతాయి. ఆ తర్వాత వచ్చేవి పాతవాటి మీదే పడతాయి, లేదా ఎక్కడా రాయబడవు. ఫైళ్ల పేర్ల పట్టిక మాత్రం వేరే చోట భద్రంగా ఉంటుంది కాబట్టి తెర మీద అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి. పాడైన హార్డ్ డిస్క్ నుంచి డేటా తీసేవాళ్లున్నారు. అసలు రాయనే రాయని డేటాని ఎవరు తీస్తారు?

"మాస్టారూ, ఫైలు పోయిందండీ" అని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అచ్చు పుస్తకం ఉంది కదా నాయనా, మళ్లీ కొడదాం" అన్నారు. పాత భాగం పుస్తకం చూసి మళ్లీ కంపోజ్ చేశాను, డబ్బు తీసుకోలేదు. కొత్త అధ్యాయాల్లో ఒకదానికి రాతప్రతి కూడా లేదు. కంపోజైపోయిందని ఆయన కాగితాలు పారేశారు. నన్ను నమ్మే పారేశారు. కళ్లు సరిగా కనబడని వయసులో ఆ అధ్యాయం మళ్లీ రాశారు. "మొదట రాసినట్టు రాలేదు" అన్నారొకసారి. ఆ మాట నన్నింకా వదల్లేదు.

ఆ తర్వాత రాణిగంజ్ మీదుగా సికింద్రాబాద్ వెళ్లి, పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరం పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బిల్లుతో, సీలు తీయని పెట్టెతో డ్రైవ్ కొన్నాను. పెద్దదొకటి కొనే బదులు ఒక్కో టీబీవి రెండు కొన్నాను. చౌక అన్న మాటకి నా దృష్టిలో ఇప్పుడు ఇదే అర్థం. నాలుగు టీబీలది ఒకటి కొంటే టీబీకి పడే ధర తక్కువే, కానీ చెయ్యి జారి కిందపడితే నాలుగూ ఒకేసారి పోతాయి. తిరిగే డ్రైవ్‌లో చదివే హెడ్‌కీ పళ్లేనికీ మధ్య ఉండే ఎడం కొన్ని నానోమీటర్లే. నడుస్తుండగా బల్ల మీంచి పడితే అది తట్టుకోవడం కష్టం. ఎస్‌ఎస్‌డీకి ఆ బాధ లేదు, వేగమూ ఎక్కువే. కానీ దాచిపెట్టుకునే పనికి మామూలు డ్రైవే అగ్గువ. పైగా ఎస్‌ఎస్‌డీని కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే అందులోని డేటాకి భరోసా తగ్గుతుంది.

కొన్న రోజే పరీక్ష పెట్టాను. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. డ్రైవ్ నిండా ఏదో ఒకటి రాసి, మళ్లీ మొత్తం చదివి సరిచూస్తుంది. యూఎస్‌బీ 3 పోర్టుకి పెడితే ఒక టీబీకి అయిదారు గంటలు పడుతుంది. పాత యూఎస్‌బీ 2 అయితే రాత్రంతా వదిలేసినా చాలకపోవచ్చు. నల్ల డబ్బీకి ఆ రోజే ఈ పరీక్ష పెట్టి ఉంటే మాస్టారి పుస్తకం మిగిలేది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనేది ఇంకొకటి ఉంది. డ్రైవ్ అప్పటికే ఎన్ని గంటలు నడిచిందో చెబుతుంది. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి పీకిన డిస్కుని కొత్త కేసులో పెట్టి అమ్మితే అక్కడ బయటపడుతుంది. వారంటీ గురించి కూడా ఒక మాట. డ్రైవ్ పాడైతే కొత్త డ్రైవ్ ఇస్తారు, అందులోని పుస్తకం ఇవ్వరు.

ఆలస్యంగా తట్టిన ఇంకో సంగతి చెప్పాలి. మాస్టారి పుస్తకం కంపోజ్ ఫైళ్లన్నీ కలిపినా కొన్ని ఎంబీలే. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో అలాంటి పుస్తకాలు వందలు పడతాయి. డ్రైవ్ ఎంతది కొనాలా అని తల బద్దలుకొట్టుకున్నాను కానీ, పోతే మళ్లీ రానిది ఏది, మళ్లీ దొరికేది ఏది అని ఒక్కసారి విడదీసి చూసుకోలేదు.

అవే ఫైళ్లున్న ఆ రెండు డ్రైవ్‌లనీ ఒక్కచోట పెట్టను. మాది హుస్సేన్‌సాగర్ నాలా పక్క ఇలాకా. 2000 ఆగస్టు వరదలో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చి, అక్కడ దాచిన అపురూపమైన ఉర్దూ పుస్తకాలు తడిసిపోయాయి. శ్రద్ధగా కాపాడేవాళ్లున్న చోటే అలా జరిగింది. అందుకే ఒక డ్రైవ్ నా గదిలో, రెండోది అశోక్‌నగర్‌లో మూడో అంతస్తులో ఉండే మా అక్క వాళ్లింట్లో. ఆదివారం వెళ్లినప్పుడు ఇది అక్కడ పెట్టి, అది తెచ్చుకుంటాను.

ప్రతి ప్రూఫూ తీసిన సాయంత్రమే రచయితకి పీడీఎఫ్‌తో పాటు పేజ్‌మేకర్ ఫైలు కూడా మెయిల్ చేస్తున్నాను. ఫైలిస్తే ఇంకో డీటీపీకి వెళ్లిపోతారని మా లైన్‌లో చాలామంది ఇవ్వరు. వెళ్తే వెళ్లనీ. రాతప్రతి మాత్రం పుస్తకం అచ్చై చేతికొచ్చేదాకా పారేయొద్దని అడ్వాన్సు తీసుకునేటప్పుడే చెబుతున్నాను.