అన్ని పాటలకీ ఒకే గిటారు

మా ఇళ్లల్లో వాయిద్యాన్ని ఎవరూ ఎంచుకోరు. పుట్టగానే అదే మనల్ని పట్టుకుంటది. ఒకరింట్లో వీణ, ఒకరింట్లో సన్నాయి, మా ఇంట్లో డప్పు. ఈ పంపకం దేవుడు చేశాడని వాళ్లంటారు, ఊరు చేసిందని మేమంటాం. మృదంగానికి తోలు తెచ్చేది, నానబెట్టేది, గీకేది, బిగించేది మా చేతులు. అది మోగేటప్పుడు వేదిక మీద కూచునేది మాత్రం వేరే చేతులు. తమిళనాట మృదంగాలు చేసే దళిత కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ 2020లో పుస్తకం తెస్తే చదువుకున్నోళ్లు చాలామంది ఆశ్చర్యపోయారు. మా గూడెంలో ఆశ్చర్యపోయేవాళ్లు ఎవరూ లేరు.

అందుకే నాలుగు తీగల బేస్ గిటారు ఒకటి కొనటానికి నేను వేసుకున్న లెక్కలు ఇక్కడ రాస్తున్నా. గిటారు కొనుక్కున్న కత ఈ పుస్తకంలో ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. మాదిగోడు తన వాయిద్యాన్ని తాను ఎంచుకోవటమంటే ఏందో తెలిస్తే ఆ మాట అడగరు.

మా నాయన డప్పు కొడితే మూడూళ్లకి వినపడేదని చెప్పుకునేవాళ్లు. మంటకి కాచి, వేలితో తట్టి చూసి, బిగి చాలకపోతే మళ్లీ కాచేవాడు. కుడిచేతిలో పొట్టి సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్ర దెబ్బ కడుపులోకి దిగేది. సిటికెన పుల్ల చెవిలో గీత గీసేది. ఊళ్లో చావైతే పిలుపొచ్చేది. అది కూలి కాదు, వెట్టి. శవం ముందు పొద్దంతా కొడితే చివరికి ఓ పాత పంచె, దూరం నుంచి ఒంపిన అన్నం. 1985 జులై 17న కారంచేడులో మావాళ్లని నరికి చంపినాక మా గూడెం పెద్దలు కూచుని, ఊరి చావులకి ఇక డప్పు కొట్టేది లేదని అనుకున్నారు. నాయన డప్పుని దూలానికి తగిలించాడు. అప్పటికి నాకు పదేళ్లు. అన్నం తింటా తింటా ఆ డప్పు కేసి చూసేవాడు. బలవంతాన వాయించాల్సి రావటం ఒక బాధ. వచ్చిన విద్యని గోడకి తగిలించుకోవాల్సి రావటం ఇంకో బాధ. ఆయన రెండూ పడ్డాడు.

నాకు సంగీతం చర్చిలో దొరికింది. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలే. మా తాతల తాతలు అట్లా చర్చిలోకి వచ్చినోళ్లు. గుడి మెట్లు ఎక్కనివ్వని ఊళ్లో మాకు హార్మోనియం మీద చెయ్యి పెట్టనిచ్చిన చోటు అదొక్కటే. ఇంటర్ చదివేటప్పుడు పట్నం చర్చిలో మొదటిసారి బేస్ గిటారు చూశా. వాయించే అన్న వెనకాల మూలన, డ్రమ్ముల పక్కన నిలబడ్డాడు. అందరూ ముందున్న లీడ్ గిటారు కేసి చూస్తన్నారు. నాకు మాత్రం కాళ్ల కింద గచ్చు అదురుతా ఉంది. ఆ అదురు నాకు కొత్త కాదు. అది నాయన సిర్ర దెబ్బ.

తెలియనోళ్ల కోసం రెండు ముక్కలు చెప్తా. మామూలు గిటారుకి ఆరు తీగలు, దీనికి నాలుగు. అన్నిటికన్నా లావు తీగ మామూలు గిటారులో సెకనుకి 82 సార్లు అదిరితే, దీంట్లో 41 సార్లు. అంటే సరిగ్గా ఒక స్థాయి కింద. పలికే తీగ పొడవు 34 అంగుళాలు. ఇది ఒక చేత్తో పాటగాడికి శ్రుతి పట్టుకుంటది, ఇంకో చేత్తో డ్రమ్ముకి తాళం పట్టుకుంటది. ఉన్నంతసేపు ఎవరూ గమనించరు. ఆగిపోతే పాట కూలిపోతుంది. ఊళ్లో మావాళ్ల పని కూడా అంతే.

కొన్నేళ్లు అడుక్కుని తెచ్చుకున్న గిటార్లతో వాయించా. శనివారం రాత్రి పెళ్లి ఆర్కెస్ట్రాలో సినిమా పాట, ఆదివారం పొద్దున చర్చిలో కీర్తన, ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి సభలో ఉద్యమ పాట. ఈ మూడింటికీ ఒకే శబ్దం సరిపోదు. కీర్తనకి గుండ్రంగా, నిదానంగా నిలిచే స్వరం కావాలి. ఇళయరాజా పాటలో బేస్ అడుగున ఇంకో పాటలాగా నడుస్తుంది, అక్కడ ప్రతి స్వరం విడిగా వినపడాలి. ఉద్యమ పాటలో డప్పు పక్కన మునిగిపోకుండా దెబ్బ గట్టిగా పడాలి. డబ్బున్నోడైతే మూడు గిటార్లు కొనుక్కుంటాడు. నాకు ఒక్కదానికే గతి.

2004లో మా అమ్మ పాడిగేదెని అమ్మి, ఆ డబ్బు నా చేతిలో పెట్టి ఒక్కటే అడిగింది. "అబ్బాయ్, అన్ని పాటలకీ మోగిద్దా అది?" కంపెనీ అడగలా, రంగు అడగలా. గిటారు కొనబోయేవాడికి అంతకన్నా పనికొచ్చే ప్రశ్న ఇప్పటిదాకా నాకు ఎవరి నోటా వినపడలా.

దగ్గరి పట్నంలో ఒక షాపుకి పోయా. షాపాయన ఏ ఊరు, ఊళ్లో ఎటువైపు అని అడిగాడు. చెప్పా. "మీకైతే రిథమ్ ప్యాడ్ బాగుంటది. డప్పు దరువులన్నీ అందులోనే వస్తాయి" అన్నాడు. బేస్ గిటారు గోడకి ఉంది. చూస్తానంటే, "కొనేటట్టయితే దించుతా" అన్నాడు. వాయించకుండా ఎట్లా కొనేది? వీడి చేతికిస్తే మైలపడుద్దనుకున్నాడో, ఎత్తుకుపోతాననుకున్నాడో. జేబులో గేదె డబ్బు అట్లాగే ఉంది. బయటికొచ్చి మద్రాసు రైలెక్కా.

మద్రాసు షాపులో పెద్దాయన "ఏ ఊరు" అనలా, "ఏం వాయిస్తావు" అన్నాడు. మూడు రకాల పాటల సంగతి చెప్తే, కూచోమని ఒక్కొక్కటే చేతికిచ్చాడు.

మొదటిది ప్రెసిషన్ రకం. 1951లో లియో ఫెండర్ అమెరికాలో తెచ్చిన బేస్ దీనికి మూలం. అంతకుముందు మనిషికన్నా ఎత్తుండే డబుల్ బేస్‌ని నిలబెట్టి వాయించేవాళ్లు. దీనికి మెట్లు పెట్టటంతో స్వరం కచ్చితంగా పలికింది, అందుకే ఆ పేరు. తీగ అదురుని కరెంటుగా మార్చేదాన్ని పికప్ అంటారు. ఈ రకంలో అది ఒక్కటే, రెండు ముక్కలుగా చీలి మధ్యలో ఉంటది. ఆ చీలిక వల్ల కరెంటు గుర్రు అణుగుతుంది. ఇది మాకు చిన్న విషయం కాదు. మా గూడెం మీటింగుల్లో కరెంటు ఎక్కణ్నుంచి లాగుతారో, ఎర్త్ ఉంటదో ఉండదో ఎవరికీ తెలియదు. శబ్దం నిండుగా ఉంది. కానీ ఎటు తిప్పినా దాదాపు ఆ ఒక్క గొంతే.

రెండోది జాజ్ రకం, 1960లో వచ్చింది. మెడ సన్నం, వేళ్లు తేలిగ్గా తిరుగుతాయి. పికప్‌లు రెండు. గుర్రం దగ్గరది పెంచితే గొంతు బిగుసుకుని స్పష్టంగా పలుకుతుంది, మెడవైపుది పెంచితే గుండ్రంగా పలుకుతుంది. పాళ్లు మార్చుకుంటూ పోతే ఎన్నో గొంతులు. అయితే ఏదో ఒక్కటే పెంచామా, గుర్రు మొదలు. రెండూ సమానంగా పెడితేనే అణుగుతుంది.

మూడోది ఐదు తీగలది, లోపల 9 వోల్టుల బ్యాటరీ. చూడ్డానికి మెరుస్తా ఉంది. ఐదో తీగ సెకనుకి 31 సార్లు అదురుతుంది. ఆ అదురుని మా ఊళ్ల మైకుసెట్టు బాక్సులు బయటికి తేలేవు. పైగా బ్యాటరీ లేకుండా పలికే స్విచ్చి దానికి లేదు. రాత్రి సభ మధ్యలో బ్యాటరీ అయిపోతే గిటారు మూగబోతుంది.

నాలుగోది యమహా. మధ్యలో ప్రెసిషన్ పికప్, గుర్రం దగ్గర జాజ్ పికప్. నాలుగు తీగలు, బ్యాటరీ లేదు, రెండు వాల్యూములు, ఒక టోను. మధ్యది ఒక్కటే పెడితే డప్పు పక్కన నిలబడే దెబ్బ. గుర్రం దగ్గరది కలిపితే సినిమా పాటకి స్వరాలు విడివడ్డాయి. టోను మూసేసి మెడ దగ్గర మీటితే కీర్తనకి సరిపోయే గుండ్రటి గొంతు. అమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది.

డబ్బు తీసుకునే ముందు ఆ పెద్దాయనే పరీక్షలు నేర్పాడు. మొదటి మెట్టు మీద, చివరి మెట్టు మీద తీగని నొక్కిపట్టి మధ్యలో సందు చూడాలి. సన్నటి సందుంటే మెడ బాగున్నట్టు, బాగా వంగి ఉంటే లోపలి ఇనప కడ్డీ తిప్పి సరిచేయించాలి. ప్రతి తీగనీ ప్రతి మెట్టు మీదా మీటి, ఎక్కడ జరజరమంటుందో వినాలి. పన్నెండో మెట్టు మీద నొక్కి మీటిన స్వరం, అక్కడే తీగని ఊరికే తాకి మీటిన స్వరం ఒకటే కావాలి. కూచుని కాదు, పట్టీ వేసుకుని నిలబడి చూడాలి. చేతులు వదిలితే మెడ కిందికి వాలిపోయే గిటారైతే రెండు గంటల సభకి భుజం పడిపోతుంది. తీగల సంగతి కూడా చెప్పాడు. గుండ్రటి చుట్టు తీగలు మెరుపుగా పలుకుతాయి, చదును చుట్టు తీగలు మెత్తగా పలుకుతాయి, ఎక్కువకాలం ఉంటాయి. నేను గుండ్రటివే వేయించా. మెరుపుని టోనుతో తగ్గించుకోవచ్చు, లేని మెరుపుని ఎక్కడినుంచి తేను?

ఇంటికొచ్చినాక ఒక ఉద్యమ మిత్రుడు అడిగాడు. "డప్పుండగా మనకి ఈ తెల్లోళ్ల గిటారెందుకు అన్నా?" ఆ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. 1994 జులై 7న ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైనాక, దూలానికున్న డప్పుని మా నాయన తొమ్మిదేళ్లకి దించాడు. వెట్టికి కొట్టిన డప్పుని హక్కుకి కొట్టాడు. జననాట్యమండలితో గద్దర్ ఊరూరా డప్పుని వేదిక ఎక్కించాడు. డప్పు మా పరువు. దాన్ని కాదని గిటారు పట్టలేదు నేను.

అయినా గిటారుని తయారుచేసినోడు తెల్లోడు కావచ్చు, దానికి మాట నేర్పింది మాత్రం నల్లవాళ్లు. డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ అనే నల్లాయన ప్రెసిషన్ బేస్‌కి చదును తీగలు వేసుకుని, కుడిచేతి ఒక్క చూపుడువేలితో మోటౌన్ కంపెనీ పాటలెన్నిటినో మోశాడు. లోకమంతా ఆ పాటలు పాడుకుంది. 1971లో మార్విన్ గే రికార్డు వచ్చేదాకా ఆయన పేరు ఆ కంపెనీ రికార్డు అట్ట మీద లేదు. ఆయన 1983లో పోయాడు. పాటని మోసినోడి పేరు అట్ట మీద ఉండకపోవటం మాకు అర్థంకాని సంగతా?

లారీ గ్రాహం అని ఇంకొకాయన. తల్లితో కలిసి చిన్న బృందంలో వాయించేవాడు. డ్రమ్ము వాయించేవాడు లేకపోతే, బొటనవేలితో లావు తీగని గుద్ది పెద్ద డ్రమ్ము దెబ్బ, వేలితో సన్నతీగని లాగి చిన్న డ్రమ్ము దెబ్బ తెప్పించాడు. దాన్నే ఇప్పుడు స్లాప్ అంటారు. ఈ కత మా నాయనకి చెప్పి వాయించి చూపిస్తే నవ్వాడు. "ఇందులో ఏముందిరా, బొటనవేలు సిర్ర, పైవేలు సిటికెన పుల్ల" అన్నాడు. ఆ రాత్రి ఆయన డప్పు మీద దరువెయ్యటం, నేను అదే దరువుని రెండు వేళ్లతో తీగల మీదికి తెచ్చుకోవటం. స్లాప్ నాకు ఏ మాస్టారూ నేర్పలేదు.

దళిత పాంథర్లు 1972లో అమెరికా నల్ల పాంథర్ల దగ్గర పేరు తీసుకున్నప్పుడు అది అరువని ఎవరన్నారు? 2018 జనవరిలో మద్రాసులో పా. రంజిత్ పూనికతో కాస్ట్‌లెస్ కలెక్టివ్ వేదికెక్కినప్పుడు గానా పాట, పరై డప్పు, గిటార్లు అన్నీ ఒకచోట మోగాయి. డప్పూ బేసూ పక్కపక్కన నిలబడితే ఒకదాన్నొకటి మింగవు. డప్పు దెబ్బ పడి ఆగుతుంది, బేస్ ఆ దెబ్బని పట్టుకుని సాగదీస్తుంది. ఆ సాగిన స్వరం మీద పాటగాడు నిలబడతాడు.

హాస్టళ్లలో చదువుకునే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. బృందం పెట్టుకునేటట్టయితే బేస్ వాయించేవాళ్లని మర్చిపోవద్దు. డబ్బు తక్కువుంటే ఈ రెండు పికప్‌ల రకం, నాలుగు తీగలది, పాతదైనా సరే, పరీక్షలన్నీ చేసి తీసుకోండి. దాన్ని మామూలు గిటారు ఆంప్లిఫయర్‌కి పెట్టి గట్టిగా వాయిస్తే స్పీకరు చిరిగే ప్రమాదముంది, డీఐ బాక్సు ద్వారా నేరుగా మైకుసెట్టు మిక్సర్‌కి కలపండి. మీ పాటల్ని రికార్డు చేసినప్పుడు డప్పు కొట్టినోడి పేరు, బేస్ వాయించినోడి పేరు పాడినోడి పేరంత పెద్దగా వేయించండి. షాపులో ఎవడైనా గోడమీద గిటారు దించకపోతే తల దించుకోవద్దు, ఇంకో ఊరికి రైలుంటది. మీ చేతికి ఏది సరిపోతుందో ఊరుని చెప్పనివ్వొద్దు. వాయించి మీరే తేల్చుకోండి.